కొసమంచె అవతలి గొంతు

పంచమి

ఈ రోజు నన్ను వరసలో నిలబెట్టారు. మాట అందించడం నేర్పే గొంతుబడిలో నాతో చదివేవాళ్ళలో నాకూ మస్తానుకీ మాత్రమే ఈసారి మంచెలు దక్కాయి. మస్తానుది సముద్రం వైపు నా పక్క మంచె. అంటే కొస నుంచి వచ్చే ప్రతి మాటా ముందు వాడి నోట్లో పడి, ఆ తరువాత నా నోట్లోకి వస్తుంది. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోందని వాడితో అంటే, "గట్టు నుంచి నాకొచ్చేదంతా నీ ఎంగిలే కదే, నేనేమన్నా అన్నానా?" అన్నాడు.

రోజూ ఏదో ఒకటి రాయమని జకరయ్య మాస్టారు చెప్పారు. మంచె మీద విన్నది కాదు, మంచె దిగాక తోచింది రాయాలట. మాటలు పోగేసుకోవాలంటే అదే దారి అన్నారు. నాకు మాటలు పోగేసుకోవడం ఇష్టం. ఈ వారం దొరికిన మాట "నిలకడ". బెల్లంముక్కలా రోజంతా చప్పరించాను.

మా ఊరు కొత్తదిబ్బ దాటాక అంతా నీళ్ళే. ఒకప్పుడు ఊళ్ళు ఉండేవట. ఆ నీళ్ళలో గుంజలు పాతి, తారు పూసిన పలకలు పరిచి, పైన తాటాకు కప్పి కట్టినవి మా మంచెలు. ఒకదాని వెనక ఒకటి, పక్క మంచె మీది మనిషి ముఖం కనిపించేంత ఎడంలో, సముద్రంలోకి వెళ్తాయి. ఇటు మొదటిది గట్టుమంచె, అటు చివరిది కొసమంచె. పొద్దున్నే గట్టు నుంచి మాటలు బయలుదేరతాయి: ఏ పడవ ఎటు వెళ్తోంది, ఎవరింట్లో కాన్పు అయింది, మంచినీళ్ళు ఏ పూట ఇస్తారు. తరువాత కొస నుంచి మాటలు వస్తాయి: గాలి ఎటుంది, చేప ఎక్కడ తేలింది, మబ్బు ఎలా ఉంది. కొసమంచె మీద బుల్లెమ్మ మామ్మ ఉంటుంది. గట్టు నుంచి వచ్చిన మాటల్ని ఆమె సముద్రం వైపు తిరిగి కూడా ఒకసారి చెబుతుంది. పడవల మీద ఉన్నవాళ్ళు వింటారని. వినేంత దూరంలో పడవ లేకపోయినా చెబుతుంది. అది ఆచారం.

మాట అందించడమంటే మొత్తం అందించడం. చెప్పినవాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. గొంతు వణికితే వణకాలి, ఏడిస్తే ఏడవాలి, చెయ్యెత్తితే ఎత్తాలి. మా అమ్మమ్మ కాలంలో గాలిగొంతులు ఉండేవట. అమ్మ పక్క గదిలో ఉండగానే, పెట్టెలోంచి అమ్మ గొంతుతో ఎవరో పిల్లల్ని బయటికి పిలిచేవారట. వెళ్ళిన పిల్లలు రాలేదు. ఆ పెట్టెలన్నీ నీళ్ళలో పడేశాక పెద్దలు ఈ కట్టు పెట్టుకున్నారు. మాట మనిషి మీంచే నడవాలి, దారిలో ఒక్క పిసరు కూడా రాలకూడదు.

పొద్దున గట్టుమంచె మీద ఎవరికో ఎక్కిళ్ళు వచ్చాయి. మంచినీళ్ళ కబురుతో పాటు ఆ ఎక్కిళ్ళు కూడా కొసదాకా వెళ్ళాయి. నేను ఎంత శ్రద్ధగా ఎక్కిళ్ళు పెట్టానో! ఇంటికి వచ్చి చెబితే పేరంటాలక్క కడుపు పట్టుకుని నవ్వింది. కిందటి వానల్లో కొండలు బావ పడవ తిరిగి రాలేదు. అప్పటి నుంచి అక్క అంతలా నవ్వడం ఇదే మొదటిసారి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆ ఎక్కిళ్ళకి నేను రుణపడి ఉంటాను.

సప్తమి

బళ్ళో ఈ రోజు పాత కాగితం చూపించారు. నీళ్ళు రాకముందు అచ్చయింది. జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి బొమ్మ, కింద "ఈ నూనె రాస్తే నెల తిరిగేలోగా మోకాళ్ళ దాకా జుట్టు" అని అక్షరాలు. ఏ మాట ముందైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలని మాస్టారు నేర్పారు. ఎవరన్నారు? వాళ్ళకెలా తెలుసు? మనకెందుకు చెబుతున్నారు?

మస్తాను లేచాడు. "అన్నది నూనె అమ్మేవాడండి. చెబుతున్నది అమ్ముకోడానికండి. ఎలా తెలుసంటే మాత్రం..." బుర్ర గోక్కున్నాడు. "వాడికి బట్టతలై ఉంటదండి, అందుకే బొమ్మ అమ్మాయిది వేశాడు."

మాస్టారు నవ్వాపుకోలేకపోయారు. నవ్వు సద్దుమణిగాక నేను అడిగాను. "మాస్టారూ, వరసలో వచ్చే మాటల్ని కూడా ఈ మూడూ అడగొచ్చా?"

ఆయన కాగితాన్ని మడతల వెంట జాగ్రత్తగా మడిచారు. "దిగాక అడుగు. మంచె మీద మాత్రం అడగకూడదమ్మా. తుఫాను కబురు వస్తోందనుకో. ఒక్కొక్కరూ 'నీకెలా తెలుసు, నీకెవరు చెప్పారు' అని కూర్చుంటే, కబురు గట్టుకి చేరేలోపు తుఫానే చేరుతుంది. వరసలో ప్రశ్న నడవదు."

తరువాత ఊపిరి పాఠం చెప్పారు. మాట్లాడబోయే ముందు మనం పీల్చే గాలి ఎదుటివాళ్ళకి వినపడాలట. అది వింటే వాళ్ళూ తెలియకుండానే పీలుస్తారు, ఆ క్షణం నుంచి మన మాట కోసం ఎదురు చూస్తారు. మేమంతా జంటలుగా నిలబడి ఊపిరి పీల్చుకున్నాం. మస్తాను పీలిస్తే దగ్గు వస్తుంది. వాడికి అదొక జబ్బు.

మధ్యాహ్నం మంచు పట్టింది. ఆ మంచులో కొస నుంచి ఒక చిన్న కబురు వచ్చింది. "కొసమంచె అవతల కొత్త మంచె వేశారు. అక్కడ కూడా మనిషి ఉన్నాడు." మంచిదే, వరస పెరిగిందని సంతోషపడి గట్టు వైపుకి అందించాను.

అష్టమి

అక్షరాలు బాగా రాకపోతే రేపు తిరగరాస్తాను.

పొద్దున మంచు విడవకముందే మస్తాను ముఖం మారిపోవడం చూశాను. వాడు ముందు ఊపిరి పీల్చాడు. నేనూ పీల్చాను. తరువాత వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎడమ చెయ్యి పైకి లేచింది, మాట వచ్చింది.

"నేను చూశాను. కొత్త ఇసుకతిప్ప మీద మనిషి ఉన్నాడు. బతికే ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎడమ చెయ్యి ఊపుతున్నాడు. మనల్నే పిలుస్తున్నాడు."

ఎవరు చూశారో, ఎక్కడి నుంచి చూశారో అందులో లేదు. "చూశాను" అన్న మాట, ఆ ఏడుపు, ఆ చెయ్యి మాత్రమే ఉన్నాయి. నేను గట్టు వైపు తిరిగాను. నా చెయ్యి కూడా లేచింది, నా గొంతు కూడా పగిలింది. ఇంత బాగా నేనెప్పుడూ అందించలేదు. అందించాక పలకల మీద కూర్చుండిపోయాను.

ఇంటికి వచ్చేసరికి అక్క చేపలు ఉప్పులో పెడుతోంది. చేతులు ఉప్పులోనే ఉన్నాయి, కదలడం లేదు.

"నువ్వు కూడా చూశావంటగా నాంచీ."

"అందించానక్కా."

"అదే, అందించావు. ఎడమ చెయ్యేనా?"

కొండలు బావది ఎడమచేతి వాటం. అన్నం కూడా ఎడమ చేత్తోనే కలుపుకునేవాడు. అక్క అత్తగారు పోరితే కుడిచేతికి మార్చినట్టే మార్చి, ఆవిడ అటు తిరగగానే మళ్ళీ మొదలుపెట్టేవాడు. అవునని తలూపాను.

మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా నా నోట్లోంచి రాలేదు.

దశమి

మంచినీళ్ళ దగ్గర వరస నిలబడితే అందరూ అదే మాట.

"నేను చూశాను మరి, కళ్ళారా," అంటోంది ఒకావిడ. ఆవిడ భర్త నాకు అవతలి మంచెల్లో ఒకదాని మీద ఉంటాడు, ఆవిడ కాదు. "ఆయన ఇంటికొచ్చి మొత్తం చేసి చూపించాడు. అంతే, నాకూ కనపడింది."

సాంబయ్య తాత బిందె కింద పెట్టాడు. ఆయన కొడుకు వెళ్ళింది కూడా బావ పడవ మీదే. "మీరంతా ఎడమ చెయ్యంటున్నారు గానీ, నాకు కుడి చెయ్యే కనపడిందర్రా. మావాడిది కుడి చెయ్యేగా."

"మీరు మంచె ఎక్కలేదు కదా తాతా," అన్నాను.

"ఎక్కితేనే కనపడుద్దా? పోమ్మా, నీళ్ళు పట్టుకో."

తిరిగి వస్తూ నాలో నేనే వెతుక్కున్నాను. నాకు అందించిన జ్ఞాపకం ఉండాలి. మస్తాను ముఖం, వాడి కన్నీళ్ళు ఉండాలి. అవి పలచగా ఉన్నాయి. వాటి ముందు, ఎంతో స్పష్టంగా, తడిసిన చొక్కాతో ఒక మనిషి ఉన్నాడు. చొక్కాకి పై గుండీ లేదు. గుండీ సంగతి వరసలో ఎవరూ చెప్పలేదు. అది నేను చూసినట్టుగానే ఉంది.

మస్తానుని అడిగాను. "నీకూ కనపడుతున్నాడా?"

"పడుకుంటే కూడా కనపడుతున్నాడే. చొక్కా నీలం." నా ముఖంలోకి చూశాడు. "నీలమే కదూ?"

నాకు తెల్లగా కనపడింది. వాడికి చెప్పలేదు.

ఏకాదశి

మంచెలకి తాగేనీళ్ళు అందించే వంతు ఈ రోజు నాది. తెడ్డు పడవలో కొసదాకా వెళ్ళాను.

బుల్లెమ్మ మామ్మ నన్ను చూడగానే కాదు, నేను పిలిచాకే తల తిప్పింది. కళ్ళ మీద పొర తెల్లగా, చేప పొలుసులా ఉంది.

"మామ్మా, నీకు సరిగ్గా కనపడటంలేదా?"

"గట్టిగా అనకే! తెలిస్తే దింపేత్తారు. చెవులు బానే ఉన్నాయి నాకు. ముక్క పోకుండా అందిత్తన్నానా లేదా?"

"ముఖం చూడకుండా అందించకూడదు కదా మామ్మా."

"ముఖాలు తెలుసులేవే, ఇన్నేళ్ళ నుంచీ చూత్తన్నాను."

"మరి ఆ తిప్ప మీద మనిషి సంగతి నీకెవరు చెప్పారు?"

"అవతలి మంచె వాళ్ళు." సముద్రం వైపు గడ్డం ఎత్తి చూపించింది. "కొత్తగా ఏశారంటగా."

"వేశారని ఎవరన్నారు?"

"వరసలోనే వచ్చింది."

"ఎటు నుంచి మామ్మా? గట్టు నుంచా?"

ఆమె గట్టు వైపు ఒకసారి, సముద్రం వైపు ఒకసారి తల తిప్పింది. నేను లేచి అవతలి వైపు నిలబడ్డాను. మంచు పలచగానే ఉంది. నీళ్ళ మీద గుంజ లేదు, పలక లేదు, కాకి వాలడానికి పుల్ల కూడా లేదు. తిప్ప కూడా కనపడలేదు. కనపడేంత మేర మాత్రం నీళ్ళు బూడిద రంగులో నున్నగా ఉన్నాయి.

తిరగబోతుండగా విన్నాను. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. మాట్లాడబోయే ముందు, ఎదుటివాళ్ళకి వినపడేలా, బళ్ళో నేర్పినట్టే. మామ్మ కూడా పీల్చింది. నేనూ పీల్చేశాను.

"నేను చూశాను," అంది నీళ్ళ మీంచి గొంతు. "ఇంకా ఉన్నారు. చాలామంది ఉన్నారు."

ఆ గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. మధ్యలో ఒకచోట పొడిగా దగ్గింది. అది మస్తాను దగ్గు. "చాలామంది" అనే ముందు ఒక విరామం వచ్చింది. అది నాది. బరువైన మాటకి ముందు అలా ఆగితే బాగుంటుందని నాకు నేనే నేర్చుకున్న విరామం. చివర్లో ఒక చిన్న ఎక్కిలి కూడా ఉంది.

ఇన్నేళ్ళుగా మేము ఈ కొస నుంచి సముద్రానికి చెబుతూ వచ్చాం. వినేవాళ్ళు ఎవరో చూసుకోలేదు.

నేను మామ్మ నోటి మీద చెయ్యి పెట్టబోయాను. అప్పటికే ఆమె గట్టు వైపు తిరిగి అందించేసింది. ముక్క పోకుండా.

త్రయోదశి

నిన్న ఇంకో మాట వచ్చింది. "పున్నమి ఆటుకి రండి. నీళ్ళు తీసినప్పుడు తిప్ప తేలుతుంది. పడవలు తెచ్చుకోండి. మీవాళ్ళని తీసుకెళ్ళండి."

పున్నమి ఆటుకి కొసమంచె దాటిన పడవ ఏదీ వెనక్కి రాదు. నీళ్ళు తీసే వేగానికి తెడ్డు ఆగదు. ఇది కొత్తదిబ్బలో పసిపిల్లలకి కూడా తెలుసు. అక్కకీ తెలుసు. అయినా పడవకి తారు పూస్తోంది.

జకరయ్య మాస్టారికి అంతా చెప్పాను. మామ్మ కళ్ళ సంగతి, లేని మంచె సంగతి, ఆ దగ్గు సంగతి. "గట్టుమంచె ఎక్కి మాట్లాడు," అన్నారు ఆయన. బళ్ళో పిల్లలు గట్టుమంచె ఎక్కి సభలో మాట్లాడిన ఆనవాయితీ లేదు. "నేను పక్కనుంటాను."

సాయంత్రం ఊరంతా చేరింది. నేను నేర్చుకున్నదంతా చేశాను. ఊపిరి అందరికీ వినపడేలా పీల్చాను. ఒక్కొక్క ముఖాన్నీ చూశాను. తొందర పడలేదు. ఎవరన్నారు, వాళ్ళకెలా తెలుసు, మనకెందుకు చెబుతున్నారు అని మూడూ అడిగాను. అక్క గురించి చెప్పాను. నా అక్కని నాకు మిగల్చమన్నాను. ఇన్నాళ్ళూ పోగేసుకున్న మంచి మాటలన్నీ బయటికి తీశాను. చాలామంది ఏడ్చారు. ఏడుస్తున్నారంటే గెలిచానని అనుకున్నాను.

సాంబయ్య తాత కళ్ళు తుడుచుకుని లేచాడు. "బంగారంలా చెప్పావమ్మా. ఒక్కటి అడుగుతా. ఆ తిప్ప మీద ఎవరూ లేరని నువ్వు చూశావా?"

"మంచులో తిప్పే కనపడలేదు తాతా."

"అంటే చూళ్ళేదు. సరే. ఆ మనిషిని చూసిన జ్ఞాపకం నీకుందా, లేదా? నిజం చెప్పు."

అబద్ధం చెప్పొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా. "ఉంది," అన్నాను.

అంతే. జనం లేచిపోయారు. ఏడ్చినవాళ్ళు నా మాటకి కాదు, వాళ్ళవాళ్ళని తలుచుకుని ఏడ్చారు. నా మాటలు వాళ్ళ చేతికి తెడ్డు అందించాయి.

మస్తాను నా పక్కన కూర్చున్నాడు. "బాగా మాట్లాడావే," అన్నాడు. వెక్కిరింత కాదు, అందుకే ఎక్కువ బాధేసింది.

బడి గదికి వచ్చాక మాస్టారు దీపం తగ్గించారు. "చిక్కు అక్కడే వచ్చింది. ఆ గొంతూ బాగానే మాట్లాడుతుంది, నువ్వూ బాగానే మాట్లాడావు. వాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది?" నా వైపు చూడకుండా అన్నారు. "ఆ మనిషిని నేను కూడా చూశాను నాంచారీ. ఆ రోజు ఈ గది దాటలేదు నేను. అయినా చూశాను."

పున్నమి

అంతా రాయాలి. వరసగా రాస్తాను.

పొద్దెక్కాక నీళ్ళు తియ్యడం మొదలైంది. మంచు విడవలేదు. నేను మంచె మీదే ఉన్నాను. పడవలు గట్టు నుంచి వరస వెంబడి వస్తున్నాయి. అందరికంటే ముందు అక్క పడవ. నా మంచె గుంజని ఒక చేత్తో పట్టుకుని ఆగింది. పెళ్ళినాటి చీర కట్టుకుంది.

"అన్నం వండి పెట్టాను. పులుసు కుండలో ఉంది. పిల్లికి ఎక్కువ పెట్టకు, కక్కుకుంటుంది."

"వెళ్ళకక్కా."

"ఆయన నాకు కనపడుతున్నాడే. కళ్ళు మూసినా, తెరిచినా. నీకు మాత్రం కనపడటంలేదా?"

కనపడుతున్నాడు. నేను కళ్ళు మూసుకుని ఆ మనిషిని మరోసారి చూశాను. చొక్కా ఉంది. ఊడిపోయిన గుండీ ఉంది. ఊగే చెయ్యి ఉంది. ఎంత దగ్గరగా ఉన్నాడో! ఇంత దగ్గరగా చూడాలంటే నేను ఎక్కడ నిలబడి ఉండాలి? ఆ జ్ఞాపకంలోనే కిందికి చూసుకుందామని తల వంచాను. అక్కడ నాకు కాళ్ళు లేవు. పలకలు లేవు, ఇసుక లేదు, పడవ లేదు. చూసే కళ్ళు తప్ప నేను అక్కడ లేను.

కళ్ళు తెరిచి సముద్రం వైపు తిరిగాను. ఊపిరి బయటికి వినపడకుండా జాగ్రత్త పడ్డాను. చెయ్యెత్తలేదు. దారి అడిగే మనిషిలా మామూలు గొంతుతో అరిచాను.

"మస్తానూ! ఆ మనిషిని చూసినప్పుడు నీ కాళ్ళ కింద ఏముంది?"

వాడు బిత్తరపోయాడు. "ప్రశ్నేంటే? ప్రశ్నని ఎలా అందించను?"

"అందించొద్దు. ముందు నువ్వు చెప్పు. చెప్పాక పక్కవాళ్ళని అడుగు."

"నా కాళ్ళ కింద..." కిందికి చూశాడు. పైకి చూశాడు. "పలకలు అందామనుకున్నాను. పలకల మీంచి తిప్ప కనపడదు కదా. మరి నేనెక్కడ..." వాడి ముఖం పాలిపోయింది. అటు తిరిగి అడిగాడు.

గట్టు వైపు మంచెని కూడా నేనే అడిగాను. వరసలో ప్రశ్న నడవదన్నారు మాస్టారు. నడిచింది. కానీ మాటలా నడవలేదు. ప్రతి మంచె దగ్గరా ఆగింది, తడబడింది. ఒకాయన ఇసుక అన్నాడు. ఒకావిడ మా వాకిలి అంది, అని తనే ఉలిక్కిపడింది. ఒకళ్ళు గుర్తులేదన్నారు, ఒకళ్ళు నన్ను తిట్టారు. మా వరస పుట్టాక మొదటిసారి ఎవరి గొంతుతో వాళ్ళు మాట్లాడుతున్నారు. చేపల బజారులా ఉంది. పడవల మీదివాళ్ళు తెడ్లు ఆపి వింటున్నారు. అక్క మాత్రం గుంజ వదల్లేదు, పట్టు బిగించనూ లేదు.

ప్రశ్న కొసమంచె చేరిందని తెలిసింది. అటు వైపు గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

బుల్లెమ్మ మామ్మ అలవాటు కొద్దీ సముద్రం వైపు తిరిగి కూడా అడిగి ఉంటుంది.

తరువాత ఊపిరి. ఆ దూరం నుంచి నాకు వినపడటానికి వీల్లేదు. వినపడలేదు కూడా. మంచె తరువాత మంచె మీద మనుషుల ఛాతీలు ఉబ్బడం మాత్రం కనపడింది, అల వచ్చినట్టు. మస్తాను అందించకూడదనుకున్నాడు. పళ్ళు బిగించడం చూశాను. అయినా ఆ నోరు తెరుచుకుంది. ఆ మాట చెబుతున్నప్పుడు వాడి ముఖంలో బాధ లేదు, భయం లేదు, ఏమీ లేదు. అందించడానికి అందులో ముఖం లేదు.

"నా కాళ్ళ కింద ఏమీ లేదు."

నా ఛాతీ కూడా నిండింది. నాలుక కదిలింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. వరస నా దగ్గర తెగింది. నా వెనక, గట్టు వైపు, ఆ మాట వెళ్ళలేదు.

అక్క మాత్రం విన్నది. మస్తాను వైపు చాలాసేపు చూసింది.

"మీ బావైతే తిట్టేవాడు," అంది. "కళ్ళు దొబ్బాయా, తిప్ప మీదున్నాను కనపడటంలేదా అనేవాడు."

పడవ తాడు తీసి నా గుంజకి కట్టింది. ముడి వేస్తున్నప్పుడు ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను దిగి పడవలో కూర్చున్నాను.

ఏ ఇద్దరి జవాబూ కలవకపోవడంతో పడవలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. సాంబయ్య తాత పడవ తిరగలేదు. మా పక్కనుంచి వెళ్తుంటే పిలిచాను. "తాతా! నీ కాళ్ళ కింద ఏముంది?"

"మావాడున్నాడమ్మా అక్కడ," అన్నాడు. అడిగినదానికి జవాబు కాదని ఆయనకీ తెలుసనుకుంటాను. నా వైపు చూడలేదు. నీళ్ళు ఆ పడవని తెడ్డు పనిలేకుండానే తీసుకుపోయాయి.

విదియ

సాంబయ్య తాత రాలేదు.

కట్టు మారింది. మాస్టారే గట్టుమంచె మీద నిలబడి చెప్పారు. ఇకనుంచి ఎవరి మాట ఎవరు అందించినా, "ఫలానా వాళ్ళ దగ్గర విన్నాను" అని ముందు చెప్పాలి. ఏడవక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు. ఎవరైనా ఎవరినైనా ఆపి అడగొచ్చు. బుల్లెమ్మ మామ్మ స్థానంలో కళ్ళున్న మనిషిని పెట్టారు. సముద్రం వైపు తిరిగి చెప్పే ఆచారం ఆపేశారు. మామ్మ మా ఇంట్లోనే ఉంటోంది, అక్కతో కలిసి వలలు అల్లుతోంది. చేతులకి కళ్ళు అవసరం లేదట.

ఇప్పుడు కబుర్లు నెమ్మదిగా వెళ్తున్నాయి. మధ్యాహ్నం మంచినీళ్ళ కబురు ఎవరో అడ్డగించి, మరెవరో తగువు పడి, సాయంత్రానికి చేరింది. తుఫానులు వచ్చే కాలానికి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. మాస్టారికి నిద్ర ఉండటంలేదు. తిప్ప మీద మనిషి నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉన్నాడు. అది పోయేది కాదు. అక్కకి కూడా కనపడుతున్నాడనుకుంటాను, మేము ఒకరినొకరు అడగడంలేదు.

ఈ పొద్దున మంచులో కొస నుంచి మాట వచ్చింది. ప్రతి ఒక్కరూ కట్టు ప్రకారం ఎవరి దగ్గర విన్నారో చెప్పి అందించారు. మస్తాను నా వైపు తిరిగాడు. "పక్క మంచె మీద విన్నాను. వాళ్ళు వాళ్ళ పక్క మంచె మీద విన్నారంట. కొసమంచె వాళ్ళు అవతల విన్నారంట. ముఖం ఎవరూ చూళ్ళేదు." గొంతు తగ్గించాడు. "ఈసారి అందులో సాంబయ్య తాత బొంగురు గొంతు కూడా ఉందంట."

"ఏమంటోంది?"

"అడుగుతోంది."

"ఏమని?"

"మీ కాళ్ళ కింద ఏముంది అని."

నేను వరస వెంట చూశాను. మంచులో కనపడినంత మేర, ఒకరి తరువాత ఒకరు, మంచెల మీద తలలు కిందికి వంగుతున్నాయి. మస్తాను తల వంగింది. నాదీ వంగింది.

పలకలే ఉన్నాయి. అయినా కూర్చుని, రెండు చేతులతో తడిమి చూశాను.